మొత్తం టీమ్ సరిపోయింది, లైన్‌లో ఒక్కడు తగ్గాడు: 2020 కాలేజ్ ఫుట్‌బాల్ సీజన్ నుంచి ఒక కేస్ స్టడీ

ఇది 2020 ఫాల్ సెమిస్టర్ (ఆగస్టు నుంచి డిసెంబర్ దాకా) నాటి కేసు. అమెరికాలో ఒక చిన్న ఊరు, ఊరంతటికీ ఆధారమైన పెద్ద ప్రభుత్వ యూనివర్సిటీ, దానికో పేరున్న ఫుట్‌బాల్ టీమ్. అక్కడి స్టూడెంట్ హెల్త్ విభాగంలో ఎపిడెమియాలజిస్టుగా పనిచేశాను. వైద్యం చేయడం నా పని కాదు. జబ్బు ఎవరి నుంచి ఎవరికి, ఎక్కడ, ఏ రోజు అంటుకుందో లెక్క తీయడం నా పని. యూనివర్సిటీ పేరు, అది ఆడే కాన్ఫరెన్స్ (కొన్ని యూనివర్సిటీలు కలిసి ఆడుకునే లీగు) పేరు, ఆటగాళ్ల వివరాలు చెప్పను. గుర్తుపట్టే వీలున్న చిన్న విషయాలు కొన్ని మార్చాను కూడా. కానీ ఏ నిర్ణయం ఎందుకు తీసుకున్నామో ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను. ఆ సీజన్ గురించి ఎవరిని అడిగినా ఎంతమందికి కోవిడ్ పాజిటివ్ వచ్చిందనే చెబుతారు. మ్యాచ్‌లను ఆపిన అంకె అది కాదు.

ముందు ఆట గురించి రెండు ముక్కలు. ఇక్కడ ఫుట్‌బాల్ అంటే కాలితో తన్నే ఆట కాదు, హెల్మెట్లు పెట్టుకుని ఢీకొట్టుకునే ఆట. అప్పట్లో పై స్థాయి కాలేజీ టీముల్లో 85 మంది దాకా స్కాలర్‌షిప్ మీద ఉండేవారు, మిగతావాళ్లను కలిపితే వంద దాటేది. ఇంతమందిలో నలుగురైదుగురు జబ్బుపడితే ఏమైందిలే అనిపిస్తుంది. అసలు చిక్కు ఏంటంటే ఒకరి పని ఇంకొకరు చేయలేరు. బంతి విసిరి ఆట నడిపించే క్వార్టర్‌బ్యాక్‌కి రక్షణగా ముందు నిలబడే ఐదుగురిని ఆఫెన్సివ్ లైన్ అంటారు, ఒక్కొక్కరు నూటముప్పై, నూటనలభై కేజీలుంటారు, ఆ చోట పరుగెత్తి బంతి పట్టే కుర్రాణ్ని నిలబెడితే ఆస్పత్రికి పంపినట్టే. అందుకే 2020కి ఎస్‌ఈసీ కాన్ఫరెన్స్ ఒక రూలు పెట్టింది: స్కాలర్‌షిప్ ఆటగాళ్లు కనీసం 53 మంది అందుబాటులో ఉండాలి, వాళ్లలో ఏడుగురు ఆఫెన్సివ్ లైన్‌వాళ్లు, నలుగురు డిఫెన్సివ్ లైన్ (ఎదుటి టీమ్‌ను అడ్డుకునే వరుస) మధ్యలో ఆడేవాళ్లు, ఒక క్వార్టర్‌బ్యాక్ ఉండాలి. ఏ ఒక్కటి తగ్గినా టీమ్ వాయిదా కోరవచ్చు. మాకు వర్తించిన రూలూ దాదాపు ఇలాంటిదే.

నేపథ్యం

ఆటగాళ్లు జూన్‌లోనే తిరిగొచ్చారు. ఇష్టమైతేనే రావాల్సిన వర్కౌట్లని పేరు. రానివాణ్ని కోచ్ గుర్తుపెట్టుకుంటారని అందరికీ తెలుసు. రాగానే చేసిన టెస్టుల్లో కొందరికి పాజిటివ్ వచ్చింది, విడిగా ఉంచారు, తగ్గిపోయింది. జులై అంతా ప్రశాంతం. దాంతో అథ్లెటిక్ డిపార్ట్‌మెంట్‌లో మన ప్రోటోకాల్ చాలా గట్టిదన్న నమ్మకం పాతుకుపోయింది. నా లెక్క వేరు. జులైలో క్యాంపస్ ఖాళీ, బార్లు సగం మూసి ఉన్నాయి, అపార్ట్‌మెంట్లలో ఆటగాళ్లు తప్ప మనుషులే లేరు. టీమ్‌ను కాపాడింది ప్రోటోకాలా, ఖాళీ ఊరా? ఊరు నిండేదాకా తేల్చలేం.

ఆగస్టులో ఊరు నిండింది. ఆ నెలంతా దేశంలో ఏం జరిగిందో గుర్తు చేసుకుంటే మా భయం అర్థమవుతుంది. ఐవీ లీగ్ అనే కాన్ఫరెన్స్ జులై 8నే ఫాల్ ఆటలు వద్దనేసింది. ఆగస్టు 11న బిగ్ టెన్, పాక్-12 కాన్ఫరెన్సులు రెండూ సీజన్ వాయిదా వేశాయి. ఎస్‌ఈసీ, ఏసీసీ, బిగ్ 12 మాత్రం ఆడతామన్నాయి. వైరస్ ఒకటే, దేశం ఒకటే, సమాధానాలు రెండు. నార్త్ కరొలైనా యూనివర్సిటీ చాపెల్ హిల్‌లో ఆగస్టు 10న క్లాసులు మొదలుపెట్టి 17కల్లా ఆన్‌లైన్‌కి మార్చేస్తున్నట్టు చెప్పింది (ఫుట్‌బాల్ టీమ్ మాత్రం ఆ సీజన్ ఆడింది). మర్నాడు నోటర్‌డామ్ రెండు వారాలు క్లాసురూములు మూసింది. అలబామా యూనివర్సిటీ ఉన్న టస్కలూసాలో కేసులు పెరిగి, ఆగస్టు 24న మేయర్ బార్లు మూయించారు. ఈ మూడు చోట్లా జరిగింది ఒకటే: విద్యార్థులు వచ్చిన ఒకటి రెండు వారాల్లోనే కేసులు ఎగిరాయి. అవి క్లాసుల్లో అంటుకున్నవి కావు, సాయంత్రాలవి.

మా ఊళ్లోనూ అంతే. ఆటగాళ్లలో ఎక్కువమంది క్యాంపస్ బయట అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్లు, చాలామందికి రూమ్మేట్లు మామూలు విద్యార్థులు. టీమ్‌కి వారానికి మూడుసార్లు టెస్టు, రూమ్మేట్‌కి లక్షణాలు వస్తే తప్ప టెస్టు లేదు. ఒకే ఫ్రిజ్, ఒకే సోఫా.

వచ్చిన సమస్య

మొదటి మ్యాచ్ వారం. మంగళవారం ఉదయం ఫలితాల్లో మూడు పాజిటివ్‌లు, ముగ్గురూ ఆఫెన్సివ్ లైన్‌వాళ్లే. ఆ లైన్‌లో స్కాలర్‌షిప్ మీద ఉన్నది పదిహేనుగురు. సాయంత్రానికి కాంటాక్ట్ ట్రేసింగ్ పూర్తయ్యేసరికి ఇంకో ఆరుగురు లైన్‌వాళ్లు క్వారంటైన్‌లోకి వెళ్లారు. ఆరడుగుల లోపల పదిహేను నిమిషాలు గడిపితే దగ్గరి కాంటాక్ట్, కాంటాక్ట్ అయితే పద్నాలుగు రోజులు. మధ్యలో ఎన్ని నెగెటివ్‌లు వచ్చినా బయటికి రాకూడదు. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ అప్పటి మాట అది. డిసెంబర్ 2న గానీ పదికి, టెస్టుతో అయితే ఏడుకి తగ్గించలేదు. మాకు సంబంధించినంత వరకు పద్నాలుగు రోజులంటే రెండు శనివారాలు, అంటే రెండు మ్యాచ్‌లు.

పదిహేనులో తొమ్మిది పోతే ఆరు. కావాల్సింది ఏడు.

టీమ్ మొత్తం చూస్తే అరవైమందికి పైగా సిద్ధంగా ఉన్నారు, 53 అనే అంకెకి ఢోకా లేదు. పాజిటివ్ శాతం చూస్తే ఊరి సగటు కంటే తక్కువ. అయినా మ్యాచ్ ఆగే పరిస్థితి. బోర్డు మీద ఈ లెక్క వేశాక గదిలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు, ఆ తర్వాత అందరూ ఒకేసారి మాట్లాడారు.

కోచ్ మొదటి ప్రశ్న: ఇది ఫీల్డ్ మీద అంటిందా, బయటా? మంచి ప్రశ్నే. ఫీల్డ్ మీద అయితే ప్రాక్టీస్ ఆపాలి, ఎదుటి టీమ్‌కీ చెప్పాలి. బయట అయితే ప్రాక్టీస్ ఆపడం వల్ల ఖాళీ సమయం పెరుగుతుంది, ఖాళీ సమయం పెరిగితే సాయంత్రాలు పెరుగుతాయి.

ఎక్కడ అంటింది

ఫీల్డ్ మీద వైరస్ అంటడం జరగనిదేం కాదు. 1998లో నార్త్ కరొలైనా నుంచి ఒక టీమ్ ఫ్లోరిడాలో మ్యాచ్‌కి వెళ్లింది. ముందురోజు తిన్న డబ్బా భోజనంలో టర్కీ శాండ్‌విచ్ ద్వారా నోరోవైరస్ వచ్చింది, వాంతులు చేసుకుంటూనే ఆడారు, అది ఎదుటి టీమ్ వాళ్లకీ పాకింది. వైద్య పత్రికల్లో నమోదైన కేసు. ఇంకా వెనక్కి వెళ్తే 1969లో మసాచుసెట్స్‌లోని హోలీ క్రాస్ కాలేజీ. టీమ్‌లో దాదాపు అందరికీ హెపటైటిస్ సోకింది, రెండు మ్యాచ్‌ల తర్వాత సీజనే రద్దు. కారణం వెతికితే ప్రాక్టీస్ ఫీల్డ్ నీళ్లు. దగ్గర్లో మంటలార్పడానికి నీళ్లు లాగినప్పుడు పైపులో ఒత్తిడి పడిపోయి, నేలలోని కుళాయిల దగ్గర నిలిచిన కలుషితమైన నీళ్లు వెనక్కి పైపులోకి చేరాయి. ఈ రెండూ మీటింగ్‌లో చెప్పాను. అదిగో ఫీల్డ్ మీదే అంటుంది కదా అని ఒకాయన పట్టుకున్నారు. నేను చెప్పదలుచుకున్నది సరిగ్గా వ్యతిరేకం: ఒకటి వాంతుల ద్వారా, ఇంకొకటి నీళ్ల ద్వారా. ఏ వైరస్ దారి దానిదే. గాల్లో పాకే దానికి మూసిన గది కావాలి, సమయం కావాలి.

అందుకని ప్రాక్టీస్ వీడియోలు ముందేసుకున్నాం. ఫుట్‌బాల్ టీములు ప్రతి ప్రాక్టీసూ రికార్డ్ చేస్తాయి, మాలాంటి వాళ్లకి అదో వరం. లైన్‌వాళ్లు ముఖాముఖి ఢీకొంటారు నిజమే, కానీ ఒక్కో ప్లే (బంతి కదిలినప్పటి నుంచి ఆగేదాకా) కొన్ని సెకన్లే, ఆ తర్వాత ఆగుతారు, విడిపోతారు. అదీ ఆరుబయట. ప్రాక్టీసంతా కూడినా ఒక జంట పదిహేను నిమిషాలకి చేరడం కష్టం. కానీ ఆ ప్రాక్టీస్‌కి ముందు వీళ్లంతా కలిసి కిటికీల్లేని చిన్న గదిలో ముప్పావుగంట పైగా వీడియో చూస్తారు. తర్వాత కలిసి తింటారు. ఒకే కారులో ఇంటికెళ్తారు. ఇంట్లోనూ నలుగురైదుగురు లైన్‌వాళ్లే. కబడ్డీలో చెయ్యీ చెయ్యీ పట్టుకుని చైన్ కట్టినట్టు రోజంతా ఒకే గుంపు.

రెండో ఆధారం తేదీలు. ముగ్గురికీ లక్షణాలు మొదలైన రోజుల మధ్య తేడా రెండు రోజులకి మించలేదు. ఒకరి నుంచి ఇంకొకరికి, అక్కణ్నుంచి మూడోవాడికి పాకి ఉంటే మధ్యలో సుమారు ఐదేసి రోజులు పడుతుంది. అంటే ఇది గొలుసు కాదు, ముగ్గురూ ఒకేచోట తెచ్చుకున్నది. లక్షణాలు మొదలైన రోజుల నుంచి నాలుగు నుంచి ఆరు రోజులు వెనక్కి వెళ్తే అంతకుముందు వారం శనివారం ప్రాక్టీస్ మ్యాచ్ తర్వాతి రాత్రి తగిలింది.

ఆ రాత్రి గురించి ముగ్గురూ చెప్పింది ఒకటే మాట: ఇంట్లోనే ఉన్నాం.

ఇక్కడ ట్రేసింగ్ ఎవరు చేస్తున్నారన్నది ముఖ్యం. మొదటి ఫోన్లు చేసింది అథ్లెటిక్ ట్రైనర్లు. ఆటగాడి దృష్టిలో ట్రైనర్‌కి చెప్పిందేదైనా కోచ్‌కి చేరుతుంది, పేరు చెప్పిన స్నేహితుడు రెండు మ్యాచ్‌లు పోగొట్టుకుంటాడు. ఎవడు చెబుతాడు? కౌంటీ (మన జిల్లా లాంటిది) హెల్త్ డిపార్ట్‌మెంట్‌తో మాట్లాడి ఇంటర్వ్యూలు మా వైపు తీసుకున్నాం, క్వారంటైన్ ఆర్డరు ఎలాగూ చట్టప్రకారం కౌంటీదే. వివరాలు కోచ్ గదికి వెళ్లవని, పేర్లు తప్ప ఎక్కడ కలిశారన్నది ఎవరికీ చెప్పబోమని ముందే చెప్పాం. ప్రశ్నలూ మార్చాం. ఆరడుగుల లోపల ఎవరున్నారని అడిగితే ఎవరూ లేరనే జవాబు వస్తుంది. శనివారం రాత్రి ఏం తిన్నావు, ఎవరు తెచ్చారు, డబ్బులు ఎవరిచ్చారు, ఇంటికి ఎవరు దింపారు అని అడిగితే కథ దానంతటదే బయటికొస్తుంది. క్యాంపస్ బయట ఒక ఇంట్లో పుట్టినరోజు పార్టీ. ముప్పై నలభై మంది, ఎక్కువమంది టీమ్‌కి సంబంధం లేనివాళ్లు.

ఇదే ప్రశ్నల పద్ధతి మామూలు విద్యార్థులతోనూ పనిచేసింది. నా జాబితాలో మన తెలుగు పిల్లలు కూడా ఉండేవాళ్లు, మాస్టర్స్ చేస్తూ రెండు బెడ్రూముల ఇంట్లో నలుగురైదుగురు సర్దుకునేవాళ్లు, క్యాంపస్ డైనింగ్‌లో పార్ట్‌టైమ్ చేసేవాళ్లు. తెలుగులో పలకరిస్తే ముందు ఒక్క క్షణం మౌనం, తర్వాత దాదాపు ఒకటే మాట: "అక్కా, ఇంటికి మాత్రం చెప్పొద్దు." లైన్‌మన్‌కి కోచ్ భయం, వీళ్లకి అమ్మ భయం. అది తీర్చాకే వివరాలు.

మ్యాచ్ ఆడాలా వద్దా

రూలు ప్రకారం ఏడుగురు లేకపోయినా టీమ్ కావాలనుకుంటే ఆడొచ్చు. లైన్ పక్కన ఆడే టైట్ ఎండ్ ఒకణ్ని లైన్‌లోకి మార్చి ఆడదామన్నది కోచ్ ప్రతిపాదన. టీమ్ డాక్టర్ గారు గాయాల సంగతి చెప్పారు, అది ఆయన వాదన, నేను దానికి ఏమీ కలపలేదు. నా అభ్యంతరం తేదీల గురించి. మంగళవారం నాటి ఆరుగురు శనివారం దాకా ఆరుగురే ఉంటారని ఎవరు చెప్పారు? వైరస్ ఎక్కించుకున్న మొదటి రెండు మూడు రోజులు పీసీఆర్ టెస్టుకి కూడా దొరకకపోవచ్చు. పాజిటివ్ వచ్చినవాళ్లు సోమవారం దాకా ఆ చిన్న గదిలోనే కూర్చున్నారు. అక్కడ ఎవరికైనా అంటి ఉంటే అది బయటపడేది గురువారం, శుక్రవారం, లేదా మ్యాచ్ రోజు ఉదయం. మ్యాచ్ రోజు ఉదయం బయటపడితే ఎదుటి టీమ్ అప్పటికే హోటల్లో ఉంటుంది. ఇది ఊహ కాదు, నవంబర్ 21న క్లెమ్సన్, ఫ్లోరిడా స్టేట్‌ల మధ్య సరిగ్గా ఇలాగే జరిగింది: క్లెమ్సన్ ప్రయాణం చేసి వచ్చింది, ఒక ఆటగాడి పాజిటివ్ తెలిసింది, మ్యాచ్ కొన్ని గంటల ముందు ఆగిపోయింది.

బుధవారం వాయిదా కోరారు. గురువారం టెస్టులో మిగిలిన ఆరుగురిలో ఇంకొకరికి పాజిటివ్ వచ్చింది.

ఈ మధ్యలో ఒక మాట చాటుగా వినిపిస్తూనే ఉండేది. అందరికీ ఒకసారి వచ్చేస్తే పీడా వదులుతుంది కదా, అక్టోబర్‌లో హాయిగా ఆడుకోవచ్చు అని. ఆ సెప్టెంబర్‌లోనే ఎల్ఎస్‌యూ (లూసియానా స్టేట్ యూనివర్సిటీ) కోచ్ తమ ఆటగాళ్లలో ఎక్కువమందికి వచ్చేసిందని బహిరంగంగానే అన్నారు. దానికి నేనిచ్చిన జవాబు నీతిపాఠం కాదు, క్యాలెండర్. తగ్గినవాళ్లకి క్వారంటైన్ మినహాయింపు మూడు నెలలే. జూన్‌లో వచ్చినవాళ్లకి అది సెప్టెంబర్‌తో అయిపోయింది, వాళ్లు మళ్లీ అందరిలాగే. పైగా గుండె సంగతి. ఒహాయో స్టేట్ డాక్టర్లు సెప్టెంబర్‌లో ప్రచురించిన చిన్న అధ్యయనంలో కోవిడ్ వచ్చిన 26 మంది ఆటగాళ్లలో నలుగురి గుండె ఎమ్మారైల్లో కండరం వాపు సూచనలు కనిపించాయి. మరుసటి ఏడాది బిగ్ టెన్ యూనివర్సిటీల లెక్క కలిపి 1,597 మందిలో 37 మంది అని తేలింది, అంటే వందకి రెండు పైచిలుకు. మొదటి అంకె ఎక్కువ భయపెట్టింది నిజమే, కానీ ఆ సెప్టెంబర్‌లో మా చేతిలో ఉన్నది మొదటిదే. దాన్ని పెట్టుకుని కావాలని అంటించుకోనివ్వండి అనగలిగిన డాక్టర్ ఎవరూ ఆ గదిలో లేరు.

చేసి చూసినవి, పనిచేయనివి

మొదట టెస్టులు పెంచారు. అందరికీ తట్టే ఆలోచనే, డబ్బుంది కాబట్టి చేయగలిగారు. టెస్టు అంటుకున్నవాణ్ని పట్టిస్తుంది, అంటుకోకుండా ఆపదు. త్వరగా పట్టుకుంటే తర్వాతి వాళ్లు తగ్గుతారు, అది లాభమే. కానీ మాకు మ్యాచ్ పోయింది పాజిటివ్‌ల వల్ల కాదు, వాళ్ల చుట్టూ ఉన్న కాంటాక్ట్‌ల వల్ల. త్వరగా పట్టుకున్నా, చుట్టూ అదే ఆరుగురుంటే అదే ఆరుగురు పోతారు. ఆగస్టు వాయిదా తర్వాత మనసు మార్చుకుని, రోజూ టెస్టు చేస్తూ ఆడిన బిగ్ టెన్‌లో కూడా విస్కాన్సిన్ అక్టోబర్ 23న మొదటి మ్యాచ్ ఆడి తర్వాతి రెండూ రద్దు చేసుకుంది.

తర్వాత బబుల్, అంటే ఆటగాళ్లను బయటివాళ్లతో కలవనివ్వకుండా ఒకేచోట ఉంచడం. బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ ఆ వేసవిలో ఓర్లాండోలో చేసి చూపించింది కాబట్టి ప్రతి మీటింగ్‌లోనూ ఎవరో ఒకరు ఆ మాట ఎత్తేవారు. అక్కడ జీతాలు తీసుకునే ఆటగాళ్లు, యూనియన్‌తో ఒప్పందం, మూసిన గేట్లు. ఇక్కడ వీళ్లు విద్యార్థులు, జీతం లేదు, క్లాసులున్నాయి, ఇంట్లో బంధిస్తే వీళ్లు ఉద్యోగులు కాదని యూనివర్సిటీ చెప్పుకునే మాట ఎక్కడ నిలబడుతుంది? చివరికి శుక్రవారం రాత్రులు మాత్రం టీమ్‌ని హోటల్లో పెట్టారు. ఇది పాత ఆనవాయితీయే, సొంత ఊళ్లో మ్యాచ్ అయినా ముందురోజు హోటల్లో పడుకుంటారు. రూముకి ఇద్దరు. ఎవరితో ఎవరు? పొజిషన్ ప్రకారం, ఏళ్ల తరబడి అంతే. లైన్ మధ్యలో ఆడే సెంటర్, అతనికి బ్యాకప్‌గా ఆడేవాడు ఒకే రూము. బబుల్ పేరుతో మనమే కొత్త కాంటాక్ట్‌లు తయారుచేస్తున్నామని ఆ రూముల జాబితా చూసినప్పుడే నాకు తట్టింది, మిగతా కథంతా అక్కణ్నుంచే మలుపు తిరిగింది.

ఇంకొకటి శిక్షలు. పార్టీకి వెళ్తే ఒక మ్యాచ్ సస్పెన్షన్ అని ప్రకటించారు. తర్వాతి వారం పొద్దున్నే ఫోన్ యాప్‌లో నింపే లక్షణాల జాబితా చూస్తే అందరూ నిక్షేపంగా ఉన్నారు. ఒకడికి దగ్గు లేదు, ఒకడికి తలనొప్పి లేదు. వందమంది యువకులు వారంపాటు ఒక్క తుమ్ము కూడా లేకుండా ఉన్నారంటే అది ఆరోగ్యం కాదు, భయం. తర్వాత పాజిటివ్ వచ్చిన ఒకతను వాసన పోయి నాలుగు రోజులైందని అప్పుడు చెప్పాడు. సస్పెన్షన్ ఎత్తేయమని రాతపూర్వకంగా అడిగాం. ఎత్తేశారు గానీ ఆ నమ్మకం తిరిగి రావడానికి అక్టోబర్ సగం గడిచింది.

పనిచేసింది

హోటల్ జాబితా చూశాక ప్రశ్న తిరగేశాం. పాజిటివ్‌లు ఎలా తగ్గించాలి అనే ప్రశ్న పక్కన పెట్టలేదు, కానీ దానికంటే ముందు ఇంకొకటి: ఒక పాజిటివ్ వస్తే ఏ పొజిషన్‌లో ఎంతమంది పోతారు? ప్రతి పొజిషన్‌కీ కాగితం మీద రాసుకుని, ఒక్కో ఆటగాడి పేరు కొట్టేసి, వాడితో పాటు ఎవరెవరు పోతారో చూశాం. ఆఫెన్సివ్ లైన్‌లో ఒక్క పేరు కొడితే ఐదారుగురు పోతున్నారు. క్వార్టర్‌బ్యాకుల్లో ఒక్క పేరు కొడితే అందరూ పోతున్నారు.

దాంతో పొజిషన్ గుంపుల్ని అడ్డంగా చీల్చాం. ఆఫెన్సివ్ లైన్‌ని మూడు చిన్న జట్లు చేశాం, ఒక్కో జట్టులో మొదటి వరుస ఆటగాళ్లు కొందరు, బ్యాకప్‌లు కొందరు. ఒకే స్థానానికి ఆడే ఇద్దరు ఒకే జట్టులో ఉండకూడదన్నది ఒక్కటే కచ్చితమైన నియమం. రూము, బస్సు సీటు, భోజనం, వెయిట్ రూము టైము అన్నీ జట్టు ప్రకారమే. వీడియో మీటింగ్‌లు ఒకే భవనంలో ఉన్నా వేర్వేరు గదుల్లోంచి జూమ్‌లో. లైన్ కోచ్‌కి ఇది అస్సలు నచ్చలేదు. లైన్ అంటే ఐదుగురు ఒక్కరిలా కదలాలి, అది కలిసి తిని, కలిసి తిరిగితేనే వస్తుంది అన్నారు. ఆయన చెప్పింది తప్పు కాదు. అందుకే ఫీల్డ్ మీద ఐదుగురూ కలిసే చేసేలా వదిలేశాం, ఆరుబయట పనులేవీ విడదీయలేదు. ఆయనకి అరుదుగా దొరికే వస్తువు కలిసి గడిపే సమయం, దాన్ని ఎక్కడ ఖర్చు పెట్టాలో ఆయన్నే ఎంచుకోమన్నాం. మూసిన గది ఇచ్చేసి ఫీల్డ్ తీసుకున్నారు.

కష్టమైంది అపార్ట్‌మెంట్లు. స్నేహితులు కలిసి అద్దెకి తీసుకున్న ఇళ్లు, ఏడాది లీజులు. ఎవరినీ బలవంతంగా కదపలేం. యూనివర్సిటీ హాస్టళ్లలో ఖాళీగా ఉన్న గదులు ఉచితంగా ఇస్తామంటే కొందరు కదిలారు, కొందరు ససేమిరా అన్నారు. కదలని ఒక ఇంటికి మేం చేసింది ఇంకొకటి: ఆ ఇంట్లో ఉన్న మామూలు విద్యార్థులకీ ఆటగాళ్లతో పాటే టెస్టు. అథ్లెటిక్ డిపార్ట్‌మెంట్ ల్యాబ్ కాంట్రాక్టులో మిగిలిన టెస్టులు అటు మళ్లించమని అడిగితే మొదట వద్దన్నారు. టీమ్ డబ్బు టీమ్ కోసమే అన్నారు. రూమ్మేట్‌కి వచ్చిన వైరస్ రెండు రోజుల్లో మీ లైన్‌లోని లెఫ్ట్ టాకిల్‌కి వస్తుంది, ఆ రెండు రోజులు కొనుక్కోండి అన్నాక ఒప్పుకున్నారు. నా మటుకు నాకు ఆ ఏర్పాటు ఇంకో కారణానికి కూడా అవసరమనిపించింది. ఒకే ఇంట్లో ఒకరికి వారానికి మూడు టెస్టులు, ఇంకొకరికి జ్వరం వస్తే క్యూ. ఆ తేడాని ఎలా సమర్థించుకోవాలో నాకు ఎప్పుడూ తెలియలేదు.

ఐసొలేషన్‌నీ బాగుచేశాం. మొదట్లో పాత హాస్టల్ భవనంలో పడేసి, చల్లారిన భోజనం తలుపు దగ్గర పెట్టి వెళ్లేవాళ్లు, ఆ ఫొటోలు టీమ్ అంతా చూసింది. నూటనలభై కేజీల మనిషికి ఆ డబ్బా ఏ మూలకి? వేడి భోజనం, రెట్టింపు పరిమాణం, రోజూ ఒక ఫోను, క్లాసులకి ల్యాప్‌టాప్. అంత చిన్న పనికి లక్షణాలు దాచిపెట్టడం తగ్గింది. సీజన్ మిస్సయినా ఒక ఏడాది ఆడే అర్హత పోదని కాలేజీ క్రీడల సంస్థ ఎన్‌సీఏఏ ఆగస్టులో ఇచ్చిన నిర్ణయం కూడా సాయపడింది, ముఖ్యంగా నాలుగో ఏడాది వాళ్లకి.

పరీక్ష నవంబర్‌లో వచ్చింది. ఆఫెన్సివ్ లైన్‌లో మళ్లీ ఇద్దరు పాజిటివ్, ఈసారి వేర్వేరు జట్లు. వాళ్లతో పాటు పోయిన లైన్‌వాళ్లు ఇద్దరే. మిగిలినవాళ్లతో మ్యాచ్ ఆడారు. ఓడిపోయారు, దానికి వైరస్‌తో సంబంధం లేదు.

ఇది పూర్తిగా జట్ల గొప్పతనమేనా అంటే అనలేను. నవంబర్‌కల్లా క్యాంపస్‌లో కేసులు ఆగస్టు స్థాయిలో లేవు, మీటింగ్ గదుల్లో మాస్కులు ఖచ్చితంగా పెట్టించారు, కాస్త అదృష్టం. కానీ సెప్టెంబర్ నాటి అమరికలో ఆ ఇద్దరి పేర్లే కొట్టేసి చూస్తే ఎనిమిది మంది పోయేవాళ్లు. ఆ తేడా మాత్రం అమరికదే. నవంబర్ 29న ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో డెన్వర్ టీమ్ క్వార్టర్‌బ్యాకులు నలుగురూ ఒకేసారి దూరమయ్యారు. ఒకరికి పాజిటివ్, మిగిలిన ముగ్గురు అతనితో మాస్కుల్లేకుండా కూర్చున్నవాళ్లు. బంతి పట్టే ఒక కుర్రాణ్ని క్వార్టర్‌బ్యాక్‌గా ఆడించారు, 31-3తో పోయింది. సోమవారం ఉదయం మా కోచ్ పంపిన మెసేజ్‌లో ఆ వార్త లింకు ఒక్కటే ఉంది. మా ఇద్దరు క్వార్టర్‌బ్యాకులు అప్పటికి నెలన్నరగా ఒకే గదిలో కూర్చోలేదు.

మనం సరిదిద్దలేనివీ ఉన్నాయి. డిసెంబర్‌లో మా మ్యాచ్ ఒకటి ఎదుటి టీమ్‌లో కేసుల వల్ల పోయింది. ఆ ఏడాది ఒహాయో స్టేట్, మిషిగన్ మ్యాచ్ కూడా అలాగే పోయింది. 1918 నుంచి ఏటా ఆగకుండా సాగిన పోటీ అది. మిషిగన్ వైపు కేసుల వల్ల ఒహాయో స్టేట్ ఖాళీగా కూర్చుంది. షెడ్యూల్‌లో సగం ఎదుటివాళ్ల సాయంత్రాల చేతిలో ఉంటుంది.

2021లో టీకాలు వచ్చాక లెక్క మారింది. టీకా వేసుకున్న కాంటాక్ట్‌కి క్వారంటైన్ లేదు, కాబట్టి ఒక పేరు కొడితే పోయేవాళ్లు దాదాపు సున్నా. కాన్ఫరెన్సులు కూడా వాయిదాలు మానేసి, ఆడేందుకు మనుషుల్లేకపోతే ఓడినట్టే అన్నాయి. జట్ల ఏర్పాటు తీసేస్తామని అథ్లెటిక్ డిపార్ట్‌మెంట్ అడిగితే వీడియో గదులు, భోజనాలు మామూలుగా చేసుకోమన్నాం. హోటల్ రూముల విషయంలో మాత్రం ఒప్పుకోలేదు. ఫ్లూ ఉంది, గవదబిళ్లలు ఉన్నాయి, నోరోవైరస్ ఉంది. సెంటర్‌ని అతని బ్యాకప్‌తో ఒకే రూములో పెట్టడం వల్ల ఆటకి ఒరిగేదేంటో చెప్పమని లైన్ కోచ్‌ని అడిగాం. ఆయన ఇంకా ఆలోచిస్తున్నారు.